ప్లాస్టిక్కు వస్తువులు - దోషమెవరిది?

కొంతకాలము క్రిందట నందిగామ ప్రాంతమున జరిగిన యొక వక్తృత్వపు పోటీకి నేను న్యాయనిర్ణేతలలో నొకడనుగా వెళ్ళియుంటిని. "ప్లాస్టిక్కును నిషేధింపవలెను" అనునది విషయము. ఎనిమిదవ తరగతి చదువుచున్న బాలుడొకడు చక్కని కంఠముతో మాటలాడి, ప్లాస్టిక్కును రాక్షసితో పోల్చి, దానిని భూమిపై నామరూపములు లేకుండ చేయవలెనని సభవారిని వేడుకొనెను. అందరును చప్పట్లు చరచిరి, నేనును చరచితిని. అతడు వేదిక దిగివచ్చి, దప్పికగొనియున్నందున ప్లాస్టిక్కు సీసాలోని నీరు గడగడ త్రాగి, ఖాళీ సీసాను కిటికీలోనుండి ఆవలికి విసరెను. అతని కలము, కళ్ళజోడు, చొక్కా గుండీలు, చేతి గడియారపు పట్టీ అన్నియు ప్లాస్టిక్కుతో చేసినవే. ప్రథమ బహుమాన మతనికే యిచ్చితిమి. దానిని మిలమిలలాడు ప్లాస్టిక్కు కాగితమున చుట్టి యిచ్చితిమి.

ఆ బాలుని హేళన చేయుటకై ఈ సంగతి వ్రాయుట లేదు. అతడు చేసినదే మనమందరమును ప్రతిదినమును చేయుచున్నాము. "ప్లాస్టిక్కు" అని ఒకే పేరు పెట్టి దూషించుటవలన మనకు రెండు సుఖములు కలుగుచున్నవి. దానిని గుఱించి తెలిసికొను శ్రమ తప్పుచున్నది. మన నడవడిని మార్చుకొను శ్రమయు తప్పుచున్నది. నా అభిప్రాయ మిది: ప్లాస్టిక్కు అనునది ఒక్క వస్తువు కాదు, అనేక పదార్థముల కుటుంబము. అందు ప్రతిదానికిని పేరు కలదు, గుణము కలదు, తగిన పని కలదు. వాని నెఱిగి, చిరకాలము నిలుచు పదార్థమును చిరకాలపు పనికే వినియోగించి, క్షణకాలపు పనికి వాడకుండుట మన విధి. దోషము పదార్థమునందు కంటె వాడుకయందు హెచ్చుగా నున్నది.

మొదట దీని పుట్టుకను తెలిసికొందము. 1860 ప్రాంతమున అమెరికాయందు బిలియర్డు ఆటకు వలయు బంతులను ఏనుగు దంతముతో చేయుచుండిరి. దంతము దొరకుట కష్టమగుటచే, దానికి బదులు మఱియొక పదార్థమును కనుగొన్నవారికి బహుమానము ప్రకటింపబడెను. జాన్ వెస్లీ హయత్ అను నతడు 1869 ప్రాంతమున, చెట్టుచేమల నారలోని సెల్యులోజును ఆమ్లములతో మార్చి, దానికి కర్పూరము చేర్చి, సెల్యులాయిడు అను పదార్థమును తయారుచేసెను. మన నల్లరేగడి చేలలో పండు ప్రత్తియందు ఎక్కువ భాగము ఆ సెల్యులోజే. ఏనుగులను చంపకుండుట కుపకరించునని నాడు దీనిని జనులు మెచ్చుకొనిరి. 1907లో బెల్జియమునందు పుట్టి అమెరికాలో స్థిరపడిన లియో బేక్‌లాండ్, ప్రకృతిలో దొరకు పదార్థమేదియు ముడిసరకుగా లేకుండ, కేవలము రసాయనములనుండియే బేకలైటును సృష్టించెను. 1933లో ఇంగ్లండునందు ఇద్దఱు రసాయన శాస్త్రజ్ఞులు అధిక పీడనముతో వేఱొక ప్రయోగము చేయుచుండగా, పాత్రలో మైనమువంటి తెల్లని పదార్థము అనుకోకుండ మిగిలెను. అదియే పాలిథీను. రెండవ ప్రపంచ యుద్ధమున రాడారు యంత్రముల తీగలకు తొడుగుగా నుండి మేలుచేసిన ఆ పాలిథీనే, నేడు మన బజారులో వంకాయలకు కట్టు కవరు.

ఈ పదార్థములన్నిటికిని ఉమ్మడిగా నున్న గుణ మొకటి కలదు. మల్లెపూవులను దారమున గ్రుచ్చినట్లు, చిన్నచిన్న అణువులు వేలకొలదిగా ఒకదాని కొకటి కూడి పొడుగైన మాలలగుచున్నవి. ఇట్టి దానిని పాలిమరు అందురు. వీనిలో రెండు తెగలు కలవు. ఒక తెగ మైనమువలె వేడిమికి కరగి, చల్లారిన గట్టిపడును. మఱల కరగించి మఱియొక వస్తువు చేయవచ్చును. రెండవ తెగ కాల్చిన కుండవంటిది. ఒకమాఱు గట్టిపడిన పిమ్మట తిరిగి కరగదు. వంటయింటి కుక్కరు పిడి, పాతకాలపు నల్లని విద్యుత్ స్విచ్చి ఈ రెండవ తెగలోనివి. కుక్కరు పిడి మైనపు తెగలోనిదైనచో ఏమగునో గృహిణులకు వేఱుగా చెప్పనక్కఱలేదు.

మైనపు తెగలోని వస్తువుల అడుగున తఱచుగా మూడు బాణముల త్రికోణమును, అందొక అంకెయు నుండును. ఇది 1988లో అమెరికాలోని ప్లాస్టిక్కు పరిశ్రమల సంఘమువా రేర్పరచిన గుఱుతు. ఒకటవ అంకె పెట్ అను పదార్థమునకు. నీళ్ళ సీసాలు దీనివే. రెండు గట్టి పాలిథీను. డ్రమ్ములు, షాంపూ సీసాలు, పురుగుమందు డబ్బాలు దీనితో చేయుదురు. మూడు పి.వి.సి.; నీటి గొట్టములు, విద్యుత్ తీగల తొడుగులు, వీథులలో కట్టు ఫ్లెక్సీలు దీనివి. నాలుగు మెత్తని పాలిథీను. పాల ప్యాకెట్లు, పలుచని కవర్లు. అయిదు పాలిప్రొపిలీను, సిమెంటు సంచులు, యూరియా సంచులు, కుర్చీలు, భోజనపు డబ్బాలు. ఆరు పాలిస్టరీను, థర్మోకోలు దీని నుండియే వచ్చును. వీనిలో చేరని తక్కినవన్నియు ఏడవ అంకె క్రిందికి వచ్చును. ఇక చిప్సు పొట్లములందు పలు పొరలు ఒకదానిపై నొకటి అంటింపబడియుండును. వానిని విడదీయుట దుర్లభము. కావుననే పాత సామాను కొనువాడు వానిని ముట్టడు.

విద్యార్థులు ఇంటియొద్ద చేయదగిన చిన్న ప్రయోగ మొకటి చెప్పెదను. ఒక నీళ్ళ సీసాను, దాని మూతను చిన్న ముక్కలుగా కోసి గిన్నెడు నీటిలో వేయుడు. వానికి గాలిబుడగ లంటకుండ పుల్లతో కలుపుడు. సీసా ముక్క మునుగును. మూత ముక్క తేలును. ఒకే వస్తువని మనము చేతబట్టిన దానిలో రెండు జాతులున్నవని అప్పుడు కంటికి కనబడును. పాలిథీను, పాలిప్రొపిలీను నీటికంటె తేలికైనవి, పెట్, పి.వి.సి. బరువైనవి. పాత ప్లాస్టిక్కును వేఱుపఱచు కర్మాగారములలో కూడ ఈ ధర్మము నుపయోగింతురు.

ఇక మన మెట్టసీమను చూడుడు. 2022 ఏప్రిల్ నుండి మన ఊళ్ళు ఎన్.టి.ఆర్. జిల్లాలో చేరినను, కృష్ణా జిల్లా మెట్టవారమను పేరు మనకు పోలేదు. మెట్టరైతునకు నీరే ప్రాణము. బోరు బావిలో దింపు గొట్టము పి.వి.సి.; బిందుసేద్యపు సన్నని గొట్టము పాలిథీను. ఆ గొట్టము నల్లగా నుండుటకు కారణము కలదు. ఎండలోని అతినీలలోహిత కిరణములు ప్లాస్టిక్కును పెళుసుబార్చును. గొట్టములో కలిపిన మసి వానిని పీల్చుకొని కాపాడును. మిరపకాయలను వానకు తడియకుండ కప్పు పట్టా, జగ్గయ్యపేట ప్రాంతమున జయంతిపురము, ముక్త్యాలల యందలి కర్మాగారములనుండి వెడలు సిమెంటు బస్తా, ఎరువు తెచ్చిన సంచి - ఇవి లేక మన వ్యవహారము సాగదు. నందిగామ ప్రాంతపు రైతు ప్రత్తి పండించును. అతని కుమారుడు తొడుగు చొక్కాలో సగము తఱచుగా పాలియెస్టరు. ఆ పాలియెస్టరును, నీళ్ళ సీసాలోని పెట్‌ను ఒక్క పదార్థమే! ఒకటి దారముగా తీసినది, మఱియొకటి సీసాగా ఊదినది.

ఆసుపత్రికి పోయినచో చెప్పనే అక్కఱలేదు. ఒక్కమాఱే వాడి పాఱవేయు సిరంజి, సెలైను సీసా, రక్తము నిలువచేయు సంచి, ఇవి రోగమును ఒకరినుండి యొకరికి సోకనీయక ఎందఱి ప్రాణములనో కాపాడుచున్నవి. ఒక్కమాఱు వాడుటయే ఇచట న్యాయము. కావున "అంతయు నిషేధింపుడు" అనువారు ముందుగా ఆసుపత్రి మంచముకడ నిలిచి, ఆ మాట అనగలరేమో ఆలోచింపవలెను.

మఱి దోష మెచట? మన్నిక యెక్కువగల పదార్థమును మన్నిక అక్కఱలేని పనికి వాడుటయందే దోషము. బజారునుండి ఇంటికి పది నిమిషముల నడక. ఆ పది నిమిషముల కొఱకు వాడిన కవరు మన మనుమల కాలమునకు కూడ మట్టిలో కలియదు. అది కుళ్ళదు, ఎండకు చిట్లి పొడియగును. దడికి కప్పిన పాత యూరియా సంచి రెండు మూడు వేసవుల పిమ్మట చేతిలో పిండివలె రాలుట మన మెఱుగనిది కాదు. అది మాయమైనట్లు కాదు, కంటికానని రేణువులై నేలలోను నీటిలోను చేరినదని అర్థము. 1950 నుండి 2015 వఱకు ప్రపంచమున తయారైన ప్లాస్టిక్కు సుమారు 830 కోట్ల టన్నులని శాస్త్రజ్ఞులు 2017లో లెక్క కట్టిరి. అందు వ్యర్థమైన భాగములో నూటికి 9 పాళ్ళు మాత్రమే తిరిగి వస్తువులైనవట; 12 పాళ్ళు కాల్చివేయబడినవి; 79 పాళ్ళు కుప్పలలోను, నేలపైనను, నీటిలోను మిగిలినవి.

ఈ విషయమున నేను నిర్దోషిని కాను. మా యింట నొక పాడియావు ఉండెడిది. ఒక వేసవిలో అది మేత మానెను, నెమరు వేయుట మానెను, కడుపు ఉబ్బెను. పశువైద్యుడు వచ్చి, శస్త్రచికిత్స చేసి, దాని పొట్టనుండి కవర్ల ముద్దను గంపెడు తీసెను. ఆవు బ్రతుకలేదు. ఆ ముద్దను కడిగి చూడగా, మేము సరకులు తెచ్చుకొను దుకాణపు కవరు ఒకటి అందుండెను. దానిలో అరటితొక్కలు వేసి, ఈగలు ముసరకుండ గట్టిగా ముడివేసి వీథిచివర పడవేసినది మా యింటివారే. ఆ ముడి యింకను విడలేదు. పశువునకు చేతులు లేవు; ముడి విప్పి తొక్కను తిని కవరును విడువజాలదు. ఆహారపు వాసనకు మొత్తము మ్రింగును. ఆ దినము మొదలు మా యింట తొక్కలను కవరులో కట్టలేదు. ఇందులకు చట్టము కాని ధనము కాని అక్కఱలేకపోయెను. ఆ బుద్ధి ముందే యుండవలసినది.

రెండవ తప్పు కాల్చుట. వేకువను వాకిలి ఊడ్చి, ఎండుటాకులతోపాటు కవర్లను పోగుచేసి నిప్పుపెట్టుట మన వీథులలో నిత్యకృత్యము. నీళ్ళపొయ్యి రాజవేయుటకు కవరు ముక్క వాడు ఇండ్లును కలవు. పి.వి.సి. కాలునపుడు హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరియు, డయాక్సినులను విషములును పుట్టును. ఆ పొయ్యి యెదుట కూర్చున్న తల్లియు, ఆమె చంకలోని బిడ్డయు మొదట దానిని పీల్తురు. శుభ్రత కొఱకు చేసిన పని ఇట్లు రోగమునకు దారి యగుచున్నది. మూడవది మన ప్రత్తి, మిరప పల్లెలకు మఱింత ముఖ్యమైనది. పురుగుమందు డబ్బా గట్టిగా నున్నదని కడిగి నీళ్ళకును, నూనెకును వాడరాదు. ఎంత కడిగినను విషము పూర్తిగా పోవునని నమ్మరాదు.

మఱి మన యేఱులను తలంపుడు. పాలేరు, మున్నేరు కృష్ణలో కలియుచున్నవి. కృష్ణ సముద్రమున కలియుచున్నది. మనము కాలువలో విసరినది విజయవాడవారి బ్యారేజికి పోవు బాటలో నున్నదన్నమాట. 2023 జూలైయందు మున్నేరు పొంగి, ఐతవరము కడ జాతీయ రహదారిపైకి నీరెక్కి రాకపోకలు నిలిచిపోయినవి. వరదకు కారణము ప్లాస్టిక్కని నేననను. అది వర్షముయొక్క పని. కాని వాననీరు పోవలసిన వీథికాలువ కవర్లతో పూడియున్నచో, ఒక గంటలో తీయవలసిన నీరు మన గడపలో దినమంతయు నిలుచును. తిరునాళ్ళయైనను, పెండ్లియైనను, క్రైస్తవ మహాసభయైనను, ఎన్నికల సభయైనను, మరునాటి ఉదయమున మైదానములన్నియు ఒక్క రీతిగానే యుండుట చూచుచున్నాము. ఈ విషయమున ఒకరి నొకరు వేలెత్తి చూపుట కవకాశము లేదు.

"చిన్న వర్తకుడేమి చేయును? కవ రీయనిచో బేరము పోవును గదా" అని కొందఱందురు. ఈ మాటలో నిజము కలదు. కూరగాయలమ్ము అవ్వ కవర్లను తన సొమ్ముతో కొనుచున్నది. మనము ఉత్త చేతులతో వెళ్ళుటచేతనే కొనుచున్నది. మనము సంచి తీసికొనిపోయిన దినమున ఆమెకు లాభమే. విస్తరి కుట్టువారికిని, దొన్నెలు చేయువారికిని పని కలుగును. మఱికొందఱు "కంపెనీలవారు తయారుచేయుట మాననిదే మేమేల మానవలెను" అందురు. వారి బాధ్యతను నేను కాదనను. తాము మార్కెటులో పెట్టిన ప్లాస్టిక్కు పొట్లములను తిరిగి సేకరించు బాధ్యత ఉత్పత్తిదారులదేనని కేంద్ర ప్రభుత్వము 2022లో నిబంధనలు చేసినది. పురపాలక సంఘములకును బాధ్యత కలదు. కాని పొరుగువాడు తన వాకిలి ఊడ్చువఱకు నేను నా వాకిలి ఊడ్వననుట వివేకము కాదు.

చట్టమును మనము కొంత తెలిసియుండవలెను. 2022 జూలై 1 నుండి ప్లాస్టిక్కు పళ్ళెములు, గ్లాసులు, చెంచాలు, పానీయపు గొట్టములు, అలంకారపు థర్మోకోలు, మిఠాయి పెట్టెలపై చుట్టు పలుచని పొర మొదలగునవి దేశమంతట నిషిద్ధములు. అదే సంవత్సరము డిసెంబరు 31 నుండి 120 మైక్రానులకంటె పలుచని చేతిసంచులు కూడదు. మైక్రాను అనగా మిల్లీమీటరులో వేయవ వంతు. ఈ మందము నేల నిర్ణయించిరి? దళసరి సంచి వెల యెక్కువ. కావున అంగడివాడు ఉచితముగ నీయడు, కొన్నవాడు పాఱవేయడు, పాతసామానువాడు వదలడు. పలుచని కవరును ఏరువాడు లేడు. ఎన్ని ఏరినను తూకము రాదు. మన బజారులలో ఈ చట్టము ఎంతవఱకు నడచుచున్నదో చదువరులు స్వయముగా చూచుచునే యున్నారు.

పాఱవేసిన దానికిని గతి కలదు. మదురై నగరమునందలి త్యాగరాజర్ ఇంజనీరింగు కళాశాల ఆచార్యులు వాసుదేవన్ గారు, పలుచని ప్లాస్టిక్కును వేడి కంకరపై కరగించి, దానిపై తారుపోసి రోడ్లు వేయు విధానమును కనుగొనిరి. 2018లో వారికి పద్మశ్రీ లభించినది. తిరిగి కరగించుటకు పనికిరాని ప్లాస్టిక్కును బొగ్గునకు బదులుగా సిమెంటు బట్టీలలో వాడు పద్ధతియు మన దేశమున నున్నది. సున్నపురాతిని సుమారు 1450 డిగ్రీల వేడిమికి తెచ్చు ఆ బట్టీ మన వాకిటి మంటవంటిది కాదు. ఆ వేడిమికి విషములు నిలువవు. అయినను అందు పి.వి.సి. కలియరాదు, దానిలోని క్లోరిను బట్టీకిని, సిమెంటునకును చెఱుపు చేయును. చూచితిరా! వేఱుపఱచి యిచ్చినచో ఇంధనము. కలగాపులగముగ నిచ్చినచో చెత్త. పేర్లు నేర్చుకొనుట పుస్తకపు విద్య మాత్రమే కాదనుట కింతకంటె నిదర్శన మేల?

కావున మన పాఠశాలకు కొన్ని పనులు సూచించుచున్నాను. ప్రతి తరగతిలోను మూడు బుట్టలు పెట్టవలెను: సీసాలు, డబ్బాల కొకటి; కవర్లు, పొట్లముల కొకటి; కాగితములు, తొక్కల కొకటి. మొదటి బుట్టలోనివి పాతసామాను కొనువానికి అమ్మి, ఆ సొమ్ము గ్రంథాలయమునకు చేర్పవచ్చును. వార్షికోత్సవమునాడు స్టీలు గ్లాసులే వాడవలెను. కడుగువంతు తరగతులవారీగా పంచుకొందము, అందు ఉపాధ్యాయులకును వంతుండవలెను. బహుమానములను కాగితములో చుట్టవలెను. తలిదండ్రులను మూడే కోరుచున్నాను: తొక్కలను కవరులో ముడివేయకుడు; ప్లాస్టిక్కును కాల్చకుడు; గుమ్మము ప్రక్కన మేకున కొక గుడ్డసంచి వ్రేలాడదీయుడు. ఇక రసాయన శాస్త్రమం దభిరుచిగల విద్యార్థులకు ఒక మాట. 1968లో మదరాసున స్థాపింపబడి, ప్లాస్టిక్కుల విద్య నేర్పుచున్న సీపెట్ అను సంస్థకు నేడు విజయవాడ చెంత సూరంపల్లియందు శాఖ కలదు. మట్టిలో కలియు మంచి పదార్థమును, తిరిగి కరగించు సులువైన మార్గమును కనుగొనువా డెవడో మన బల్లలపైననే కూర్చుండి యుండవచ్చును.

జగ్గయ్యపేటను పూర్వము బేతవోలందురు. ఆ ఊరి చెంత ధనబోడు అను దిబ్బయందు 1882లో బర్జెస్ దొరగారు త్రవ్వించగా, సుమారు రెండువేల ఏండ్లనాటి బౌద్ధ స్తూపపు శిల్పఫలకములు బయల్పడినవి. మన పూర్వులు దీర్ఘకాలము నిలుచు రాతిని, నిలువదగిన పనికి వాడిరి. మన ఊరి వెలుపల చెత్తదిబ్బ నెవరైన ముందు కాలమున త్రవ్వినచో, అచట మన కవరు కూడ చెడకుండ దొరకవచ్చును. దానిలో మనము పది నిమిషములు మోసిన వంకాయలు మాత్రము ఉండవు. ఆనాటివారు మన తెలివిని గుఱించి ఏమనుకొందురో విద్యార్థులు ఆలోచింతురు గాక. వక్తృత్వపు పోటీకి మఱల పిలిచినచో, వేదిక దిగిన పిమ్మట సీసా నెచట వేసినదియు చూచియే నేను మార్కులు వేయుదును.